సముద్రపు దొంగను పట్టుకున్నాక ఏం చేయాలి?

2025 వానాకాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రైతులు పొద్దు పొడవకముందే సొసైటీల దగ్గరికి వచ్చి, లైన్లో చెప్పులూ పాస్‌బుక్ జిరాక్సులూ పెట్టి, యూరియా లారీ కోసం కూర్చున్న సంగతి ఎవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు జరిగిన వాదనంతా ఎవరు పంపలేదు, ఎవరు దాచారు, ఎవరు బ్లాకులో అమ్ముకున్నారు అనే దాని చుట్టే తిరిగింది. రామగుండం ప్లాంటు ఆగడం గురించి కొంత మాట్లాడారు. చైనా ఎగుమతులు బిగించిందని కొందరన్నారు. ఇవన్నీ నిజాలే. కానీ వీటితో పాటు మాట్లాడాల్సిన ఇంకో విషయం ఉంది, దాని జోలికి మన వైపు దాదాపు ఎవరూ పోలేదు. మన పొలంలో చల్లే ఎరువులో చాలా భాగం ఓడ ఎక్కి వస్తుంది. ఆ ఓడ వచ్చే దారికి కాపలా ఎవరు కాస్తున్నారు, ఎలా కాస్తున్నారు?

పొటాష్ దాదాపు మొత్తం బయటి దేశాల నుంచే తెచ్చుకుంటాం. ఫాస్ఫేట్ ఎరువులకూ వాటి ముడిసరుకుకూ మొరాకో, జోర్డాన్, సౌదీ మీద ఆధారపడతాం. జోర్డాన్‌కు ఉన్న ఒకే ఒక్క సముద్రపు రేవు అకాబా. అది ఎర్ర సముద్రం కొసన ఉంది. 2023 నవంబర్ నుంచి యెమెన్ హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టాక చాలా ఓడలు ఆ దారి వదిలేసి ఆఫ్రికా కింది కొస చుట్టి రావడం మొదలుపెట్టాయి. డీఏపీ ఓడలు 6,500 కిలోమీటర్లు తిరిగి రావాల్సి వస్తోందని 2024లో కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ఆ దూరానికి పట్టే రోజులూ, డీజిలూ, బీమా ఖర్చూ ఎక్కడికీ పోవు. కొంత సబ్సిడీ రూపంలో, కొంత ఆలస్యం రూపంలో హాలియా సొసైటీ దాకా వస్తాయి.

ఇక్కడి నుంచి పోయేదీ అదే దారిన పోతుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల్లో ఆడించిన బియ్యం కాకినాడ చేరి ఓడ ఎక్కుతుంది. 2025 మార్చి 31న మన రాష్ట్ర ప్రభుత్వం అదే రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల బియ్యం పంపింది. అవి మన రైతులు 1010 అని పిలిచే రకం. కాకినాడ నుంచి మనీలా దాకా ఉన్న నీళ్లలో చిన్న చిన్న ఓడ దొంగతనాల నుంచి దేశాల మధ్య సరిహద్దు గొడవల దాకా అన్నీ ఉన్నాయి. 2023 ఆగస్టులో భారత, ఫిలిప్పీన్స్ కోస్ట్ గార్డులు కలిసి పనిచేస్తామని ఒప్పందం రాసుకున్నాయి. ఆ వార్త మన పేపర్లలో ఒక మూలన వచ్చి పోయింది. బియ్యం ఓడ వార్త మాత్రం మొదటి పేజీలో వచ్చింది. నా లెక్కలో రెండూ ఒకే వార్త.

ఇంత పట్టించుకోవడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. మా అక్క కొడుకు మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. నల్లగొండలో ఇంటర్ చదివిన పిల్లవాడు ఇప్పుడు బల్క్ క్యారియర్ల మీద తిరుగుతున్నాడు. వాళ్ల ఓడ ఏడెన్ సింధుశాఖ దగ్గరికి వస్తోందంటే అక్కకూ బావకూ టెన్షన్ మొదలవుతుంది. ఆ దారిలోకి వచ్చే ముందు ఓడ అంచుల చుట్టూ ముళ్ల తీగ చుడతారట. దొంగలు నిచ్చెన వేయకుండా పక్కలకు నీళ్ల పైపులు బిగించి ఒత్తిడితో వదులుతారట. రాత్రి కాపలా పెంచుతారు, ఓడ వేగం పెంచుతారు. ఒకవేళ దొంగలు పైకి ఎక్కితే సిబ్బంది అంతా ఒక గట్టి గదిలోకి దూరి లోపలి నుంచి బిగించుకుంటారు. దాన్ని సిటడెల్ అంటారు. తిండి, నీళ్లు, బయటికి మాట్లాడే శాటిలైట్ ఫోను ముందే అందులో పెట్టుకుంటారు. ఇదంతా విన్నాక అక్క వాణ్ని అడిగింది ఒక్కటే. "గదిలో దాక్కున్నాక ఎవరొస్తారురా?"

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్న. ఎవరో ఒకరు రావాలి. వచ్చేవాళ్లు ఏ దేశం వాళ్లో ముందే తెలియదు. ఓడ మీద ఎగిరే జెండా ఒక దేశానిది, యజమాని ఇంకో దేశం వాడు, సిబ్బంది నాలుగు దేశాల వాళ్లు, సరుకు ఐదో దేశానికి పోతుంటుంది. దొంగలు ఆరో దేశం నుంచి వస్తారు. ఆపద సమయానికి దగ్గర్లో ఏ దేశపు నేవీ ఉంటే వాళ్లే రావాలి. ఇంతమంది కలిసి పని చేయాలంటే ముందే కలిసి నేర్చుకుని ఉండాలి. అంతర్జాతీయ శిక్షణ అవసరం అక్కడి నుంచే పుట్టింది. అయితే ఆ శిక్షణలో మనం చూసేది, చూపించేది చాలావరకు ఓడ మీదికి దూకి దొంగను పట్టుకునే భాగమే. పట్టుకోవడానికి ముందు సమాచారం ఎలా చేరింది, పట్టుకున్న తర్వాత కేసు ఎలా నిలబడింది అనే రెండు కొసల్నీ గాలికి వదిలేస్తున్నాం. డబ్బు, సమయం, తెలివి పోయాల్సింది ఆ రెండు చోట్ల అని నా వాదన.

సమాచారం సరిగ్గా చేరితే ఏం జరుగుతుందో ముందు చెప్తాను. 2024 జనవరి 4న సోమాలియా తీరం అవతల లీలా నార్ఫోక్ అనే ఓడ మీదికి ఆయుధాలతో ఐదారుగురు ఎక్కారు. ఓడలో ఉన్న 21 మందిలో 15 మంది మన దేశం వాళ్లే. ఓడ పంపిన కబురు బ్రిటన్ నడిపే యూకేఎంటీవో అనే సముద్ర వర్తక సమాచార కేంద్రానికి వెళ్లింది. అక్కడి నుంచి విషయం తెలుసుకున్న మన నేవీ విమానాన్ని పంపింది, ఐఎన్ఎస్ చెన్నైని మళ్లించింది. మరుసటి రోజు మార్కోస్ కమాండోలు ఎక్కేసరికి దొంగలు లేరు. సిబ్బంది అందరూ సిటడెల్ గదిలో క్షేమంగా ఉన్నారు. కబురు అందుకున్నది ఒక దేశం, కదిలింది ఇంకో దేశం. మధ్యలో ఎవరూ ఎవరి అనుమతి కోసం రోజులు గడపలేదు.

అదే నెల చివర్లో ఐఎన్ఎస్ సుమిత్ర ఇరాన్ జెండా ఉన్న అల్ నయీమీ అనే చేపల ఓడను దొంగల నుంచి విడిపించింది. అందులో ఉన్న 19 మంది పాకిస్తానీలు. ఈ సంగతి మన సోషల్ మీడియాలో రెండు రోజులు తిరిగింది, కొందరు వెటకారం కూడా చేశారు. వెటకారం చేయాల్సింది ఏమీ లేదు అందులో. సముద్రం మీద ఆపదలో ఉన్నవాడి పాస్‌పోర్టు చూసి సాయం చేసే పద్ధతి వస్తే, మా అక్క కొడుకు లాంటి వాళ్ల దగ్గరికి కూడా ఎవరూ రారు.

సమాచారం చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2008 నవంబర్ 18 నాటి సంఘటన చాలు. అప్పటికి మన నేవీ ఏడెన్ సింధుశాఖలో కాపలా మొదలుపెట్టి నెల కూడా నిండలేదు. ఐఎన్ఎస్ తబర్‌కు చీకట్లో ఒక ఓడ ఎదురైంది. మీద ఆయుధాలతో మనుషులు కనిపించారు. ఆగమంటే ఆగలేదు, కాల్పులకు దిగారు, ఆత్మరక్షణ కోసమే ఎదురు కాల్చామని నేవీ చెప్పింది. ఓడ మునిగింది. దొంగల చిన్న పడవలను మోసుకొచ్చే తల్లి ఓడను ముంచామని దేశమంతా సంబరపడింది. వారం తర్వాత తెలిసింది, అది ఎకవాత్ నావా 5 అనే థాయ్ చేపల ఓడ. దొంగలు అప్పటికే దాన్ని హైజాక్ చేశారు, అసలు సిబ్బంది లోపలే ఉన్నారు. ఒక్కడు రోజుల తరబడి నీళ్లలో తేలి బతికి బయటపడ్డాడు. మిగతా వాళ్లలో చాలామంది ఆచూకీ దొరకలేదు. ఆ ఓడ హైజాక్ అయిందన్న కబురు అంతర్జాతీయ సముద్ర వర్తక సంస్థల దగ్గర ఉంది. అక్కడి నుంచి ఆ నీళ్లలో కలిసి కాపలా కాస్తున్న సంకీర్ణ దేశాల నౌకాదళాలకు వెళ్లింది. మన నేవీ ఆ సంకీర్ణంలో లేదు, విడిగా పనిచేస్తోంది.

తబర్ మీద ఉన్నవాళ్లను నేను తప్పు పట్టడం లేదు. చీకట్లో తుపాకులు ఎదురైతే ఎవరైనా అదే చేస్తారు. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద పై లస్కర్ షట్టర్ ఎత్తి కింది లస్కర్‌కు ఫోన్ చేయకపోతే ఏ కట్ట తెగుతుందో మన వాళ్లకు బాగా తెలుసు. అక్కడ పనితనం లోటు కాదు, కబురు లోటు. తర్వాతి ఏళ్లలో ఆ లోటును చాలావరకు పూడ్చారు. ఆ ప్రాంతంలో తిరిగే నౌకాదళాలు ఒక చోట కూర్చుని ఎవరెక్కడ ఉన్నారో చెప్పుకునే సమావేశాలు బహ్రెయిన్‌లో జరుగుతూ వచ్చాయి. సంకీర్ణంలో లేని దేశాలు కూడా వాటికి వెళ్లాయి. 2012లో భారత్, చైనా, జపాన్ తమ కాన్వాయ్‌ల వేళలను ఒకదానితో ఒకటి కలిపి చూసుకోవడానికి ఒప్పుకున్నాయి. చైనాతో మనకున్న సంబంధం అందరికీ తెలిసిందే. అయినా వేళల పట్టిక పంచుకోవడానికి అది అడ్డు రాలేదు. 2018 డిసెంబర్‌లో మన నేవీ గురుగ్రామ్‌లో హిందూ మహాసముద్ర ప్రాంతానికి సమాచార కేంద్రం పెట్టింది. స్నేహ దేశాల అధికారులు అక్కడే కూర్చుని పనిచేస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో మనం చేసిన అతి మంచి పనుల్లో అదొకటని నేను నమ్ముతాను. దేశాలు కలిసి చేసే నౌకా విన్యాసాలకు వచ్చినంత పేరు దానికి రాలేదు.

ఇప్పుడు రెండో కొస. పట్టుకున్నాక ఏమవుతుంది?

1999 అక్టోబర్‌లో అలోండ్రా రెయిన్‌బో అనే జపాన్ వాళ్ల ఓడ 7,000 టన్నుల అల్యూమినియం దిమ్మలతో ఇండోనేషియా నుంచి జపాన్ బయల్దేరింది. దారిలో దొంగలు ఎక్కారు. 17 మంది సిబ్బందిని ఒక చిన్న తెప్పలోకి తోసి సముద్రంలో వదిలేశారు. వాళ్లు ఆకలితో, దాహంతో రోజుల తరబడి కొట్టుకుపోయి చివరికి థాయ్ జాలర్ల కంట పడ్డారు. దొంగలు ఓడకు కొత్త రంగు వేసి, మెగా రామా అని పేరు మార్చి, కొత్త జెండా ఎగరేసి పడమటికి వచ్చారు. కౌలాలంపూర్‌లో ఉన్న పైరసీ రిపోర్టింగ్ కేంద్రం దాని పోలికలు అన్ని దేశాలకూ పంపింది. నవంబర్ మధ్యలో మన కోస్ట్ గార్డ్ ఓడ తారాబాయి, నేవీ ఓడ ప్రహార్ అరేబియా సముద్రంలో దాన్ని తరిమి పట్టుకున్నాయి. దొంగలు ఓడను ముంచేయాలని చూస్తే మన వాళ్లు అదీ ఆపారు. 15 మంది ఇండోనేషియన్లు దొరికారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. జపాన్, భారత్ కోస్ట్ గార్డులు 2000 నుంచి కలిసి విన్యాసాలు చేయడానికి పునాది వేసింది ఈ ఘటనే.

2003లో ముంబై కోర్టు వాళ్లకు ఏడేళ్ల శిక్ష వేసింది. 2005లో బొంబాయి హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అప్పటికి మన దగ్గర సముద్రపు దొంగతనానికి అంటూ ఒక చట్టమే లేదు. మామూలు శిక్షా స్మృతి సెక్షన్లు, ఎప్పటివో బ్రిటిష్ కాలపు నౌకా చట్టాలు అతికించి కేసు నడిపారు. ఎక్కడో విదేశీ నీళ్లలో, విదేశీ ఓడ మీద, విదేశీయులు చేసిన నేరానికి అవి సరిపోలేదు. విన్యాసాలు మాత్రం ఆగలేదు, ఏటికేడు ఇంకా బాగా జరిగాయి. దొంగను పట్టుకోవడం రెండు దేశాలూ కలిసి నేర్చుకుంటూనే ఉన్నాయి. పట్టుకున్న దొంగ కోర్టు మెట్లు దిగి ఇంటికి పోయాక కూడా, కోర్టు గురించి కలిసి నేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు. చట్టం రావడానికి 2022 దాకా పట్టింది.

చట్టం లేని ఆ ఏళ్లలో జరిగిన నష్టం చిన్నది కాదు. 2011లో సోమాలియా దొంగల దాడులు తారస్థాయికి చేరాయి. అంతర్జాతీయ సముద్ర వర్తక బ్యూరో లెక్కలో ఆ ఒక్క ఏడాదే 237. మన నేవీ ఆ ఏడాది మొదటి నెలల్లోనే వంద మందికి పైగా దొంగలను పట్టి ముంబైకి తెచ్చింది. వాళ్ల విచారణ ఏళ్ల తరబడి సాగి 2017లో శిక్షలు పడ్డాయి. ఆలోపు వాళ్లు జైల్లో ఉన్నారన్న కోపంతో సోమాలియా దొంగలు ఏం చేశారో మన దేశంలో చాలామందికి తెలియదు. ఆస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడను 2010లో హైజాక్ చేశారు. 2011 ఏప్రిల్‌లో డబ్బు తీసుకుని ఓడను వదిలారు కానీ, ఏడుగురు భారతీయులను మాత్రం వదల్లేదు. మా వాళ్లను వదిలితేనే వీళ్లను వదులుతామన్నారు. ఆ ఏడుగురు 2014 అక్టోబర్ చివరి దాకా వాళ్ల చెరలోనే ఉన్నారు. నాలుగేళ్లు. వాళ్ల ఇళ్లలో ఆ నాలుగేళ్లు ఎలా గడిచాయో మా అక్కను చూసినప్పుడల్లా ఊహించుకుంటాను, పూర్తిగా ఊహించలేను.

అందుకే పట్టుకున్నాక ఏం చేయాలి అన్నది నౌకాదళాల శిక్షణకు అవతలి విషయం కాదు. సముద్రం మీద పంచనామా ఎలా చేస్తారో ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసులు వస్తారు, ఇద్దరు పెద్ద మనుషులు సాక్షి సంతకం పెడతారు, వస్తువులు సీలు వేస్తారు. తీరానికి వెయ్యి మైళ్ల దూరంలో, అలల్లో ఊగే ఓడ మీద, కమాండో చేతిలో తుపాకీ ఉంటుంది, ఎదురుగా పడుకోబెట్టిన ముప్పై మంది ఉంటారు. వాళ్లలో ఎవరి దగ్గర ఏ తుపాకీ దొరికింది? నిచ్చెన ఎక్కడుంది? అప్పుడు ఓడ ఏ అక్షాంశం మీద ఉంది, ఎవరు రాసి పెట్టారు? కొందరు ఆయుధాలు సముద్రంలో పడేస్తారు, అది ఎవరు చూశారు, కెమెరాలో ఉందా? వాళ్ల భాష తెలిసినవాడు లేకుండా వాళ్లు ఇచ్చిన వాంగ్మూలం ఏ కోర్టులో చెల్లుతుంది? అసలు సాక్షులు ఓడ సిబ్బంది. ఓడ ఆగితే రోజుకు లక్షల నష్టం కాబట్టి వాళ్లు వారంలో ఇంకో రేవులో ఉంటారు, ఏడాదికి ఇంకో ఓడ మీద ఉంటారు. మయన్మార్ కుర్రవాణ్ని మూడేళ్ల తర్వాత ముంబై కోర్టుకు ఎవరు పిలిపిస్తారు? ఆ టికెట్ డబ్బు ఎవరిస్తారు? ఇవన్నీ ముందే రాసి, నేర్చుకుని, పదిసార్లు చేసి చూసుకోవాల్సిన పనులు.

అప్పట్లో చాలా దేశాల నౌకాదళాలు దొంగలను పట్టుకుని, ఆయుధాలు లాక్కుని, పడవలో చమురు పోసి మళ్లీ సోమాలియా ఒడ్డున వదిలేసేవి. పట్టుకోవడం చేతకాక కాదు, ఎక్కడ విచారించాలో తెలియక. చివరికి కెన్యా, సీషెల్స్, మారిషస్ లాంటి దేశాలు తమ కోర్టుల్లో విచారిస్తామని ముందుకు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2009 నుంచి ఆ దేశాల జడ్జీలకు, ప్రాసిక్యూటర్లకు, జైలు అధికారులకు శిక్షణ ఇచ్చింది, జైళ్లు బాగు చేయించింది. సీషెల్స్ లక్షకు కాస్త అటూఇటూ జనాభా ఉన్న దేశం. ఆ చిన్న దేశం అంత పెద్ద బరువు ఎత్తుకుంది. సోమాలియా దొంగతనం 2012 తర్వాత పడిపోయిందంటే యుద్ధ ఓడల కాపలాతో పాటు, ఓడల మీద సాయుధ గార్డులతో పాటు, ఈ కోర్టులకూ జైళ్లకూ అందులో వాటా ఉంది. ఈ చివరి వాటా గురించి మాత్రం ఎవరూ టీవీలో చూపరు.

2024 మార్చి నాటి ఎంవీ రూయెన్ కేసు ఈ పాఠాలు కొంతైనా ఒంటబట్టాయని చూపించింది. 2023 డిసెంబర్‌లో హైజాక్ అయిన ఆ ఓడను ఐఎన్ఎస్ కోల్‌కతా 40 గంటలు వెంటాడింది. వాయుసేన సీ-17 విమానం నుంచి మార్కోస్ సముద్రంలోకి దూకారు. బల్గేరియా, మయన్మార్, అంగోలా దేశాలకు చెందిన 17 మంది సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. 35 మంది దొంగలు లొంగిపోయారు. మార్చి 23న వాళ్లను ముంబై పోలీసులకు అప్పగించి కొత్త చట్టం కింద కేసు పెట్టారు. అందరూ విమానం నుంచి దూకిన వీడియో చూశారు. నాకు మాత్రం మార్చి 23 ముఖ్యం. 1999లో పట్టుకున్న రోజు మన చేతిలో చట్టం లేదు, 2024లో ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఓడల కంపెనీల సంఘాలు హిందూ మహాసముద్రాన్ని అత్యధిక ప్రమాద ప్రాంతాల జాబితా నుంచి తీసేసింది 2023 జనవరి 1న. ఏడాది తిరగకముందే రూయెన్ హైజాక్ అయింది. కాపలా సడలిస్తే దొంగలు ఎంతో కాలం ఎదురుచూడరు.

మన దగ్గర వినిపించే పెద్ద అభ్యంతరం ఒకటుంది. నేను ఈ సంగతులు మాట్లాడినప్పుడల్లా మిత్రులు అడుగుతారు. మన డబ్బుతో మాల్దీవులకూ మొజాంబిక్‌కూ శిక్షణ ఎందుకు? మన మెరైన్ పోలీసు స్టేషన్లలోనే బోట్లు సరిగా లేవంటారు కదా? పాలమూరు కూలీలు ఇంకా వలస పోతుంటే సీషెల్స్‌కు ఓడలు ఇవ్వడం ఏమిటి? ఈ ప్రశ్న వేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, అడగాల్సిందే. నా జవాబు ఇది. మన ఎరువు ఓడ వచ్చే దారి మొత్తం మన ఓడలతో కాపలా కాయడం ఎప్పటికీ కుదరదు. మొజాంబిక్ ఎదురుగా ఉన్న నీళ్లు మొజాంబిక్ కాస్తేనే మనకు చవక. 2025 ఏప్రిల్‌లో ఐఎన్ఎస్ సునయన కార్వార్ నుంచి బయల్దేరినప్పుడు తొమ్మిది దేశాలకు చెందిన 44 మంది నావికులు మన వాళ్లతో కలిసి ఆ ఓడను నడిపారు. కొమొరోస్, కెన్యా, మడగాస్కర్, మాల్దీవులు, మారిషస్, మొజాంబిక్, సీషెల్స్, శ్రీలంక, దక్షిణాఫ్రికా. ఒక ఓడ మీద కలిసి వంట తిని, కలిసి కాపలా కాసిన కెన్యా అధికారికి రేపు రాత్రి రెండింటికి మన వాడు ఫోన్ చేస్తే ఎత్తుతాడు. అదే మనం కొనుక్కున్నది. మెరైన్ పోలీసులకు మంచి బోట్లు ఇవ్వాలన్నదీ నూటికి నూరు పాళ్లు నిజం. ఒకదాని కోసం ఇంకోటి ఆపాల్సిన పని లేదు.

ఈ స్నేహాలు రాజకీయాల గాలికి ఊగుతాయన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. 2024లో మాల్దీవుల కొత్త ప్రభుత్వం మన సైనిక సిబ్బంది వెళ్లిపోవాలని పట్టుబట్టింది, మే నెలకల్లా వాళ్లు వచ్చేశారు. కానీ అదే గొడవ మధ్యలో, ఫిబ్రవరిలో, దోస్తీ విన్యాసాలు మాల్దీవుల్లోనే జరిగాయి. 1991లో రెండు దేశాల కోస్ట్ గార్డులు మొదలుపెట్టినవి, 2012లో శ్రీలంక వచ్చి చేరింది. నాయకులు కొట్లాడుకుంటున్నప్పుడు కూడా కోస్ట్ గార్డులు కలిసి పనిచేశారంటే, ముప్పై ఏళ్ల అలవాటు వల్లే. 2020 సెప్టెంబర్‌లో శ్రీలంక తీరం దగ్గర 2 లక్షల 70 వేల టన్నుల క్రూడాయిల్‌తో ఉన్న న్యూ డైమండ్ ఓడకు మంటలంటుకుంటే మన కోస్ట్ గార్డ్, నేవీ, శ్రీలంక వాళ్లు కలిసి ఆర్పారు. ఆ చమురు కారి ఉంటే రెండు దేశాల జాలర్ల బతుకులూ పోయేవి.

జాలర్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2018 చివర్లో గుజరాత్ వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ చేతికి చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. వాళ్లు దొంగలు కాదు, కనిపించని గీత దాటిన కూలీలు. మన కోస్ట్ గార్డుకూ ఆ పాకిస్తాన్ సంస్థకూ మధ్య 2005లోనే ఒప్పందం కుదిరింది, అప్పటికి హాట్‌లైన్ కూడా ఉంది. ఉండి కూడా ఏడాదికి పైగా జైలు. కాబట్టి ఫోను లైను ఒక్కటే సరిపోదు. ఫోను ఎత్తాక పొరపాటున దాటిన వాణ్ని ఎన్ని గంటల్లో వెనక్కి పంపాలి అనేది కూడా కాగితం మీద ఉండాలి. మన ఊళ్ల నుంచి దుబాయి, బొంబాయి పోయినట్టే వాళ్లు వేరావల్ పోయారు. వలస బతుకు కష్టం మన పాలమూరుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మన ప్రాంతానికి నేవీతో ఇంకో లంకె ఇటీవలే పడింది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబర్ 15న నేవీ వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. తమిళనాడు తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది. నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్లకు కబురు పంపాలంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు కావాలి, వాటికి విశాలమైన స్థలం కావాలి. సముద్రం పక్కన ఉండాల్సిన అవసరం లేదు. 2,900 ఎకరాల అడవి పోతుందని, మూసీ పుట్టిన చోటుకు దెబ్బ తగులుతుందని అడిగినవాళ్ల పక్షాన కూడా నేనున్నాను. ఆ మూసీ అనంతగిరి కొండల నుంచి మా నల్లగొండ మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఎన్ని చెట్లు కొట్టారు, ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి అన్నది ఏటా జనానికి చెప్పాలి. దేశ రక్షణ అన్న మాట ఆ లెక్క ఎగ్గొట్టడానికి వాడకూడదు.

సముద్రపు పనిలో ఎంత భాగం ఒడ్డుకు దూరంగా జరుగుతుందో దామగుండం, గురుగ్రామ్ రెండూ చెబుతున్నాయి. మన పిల్లలకు మర్చంట్ నేవీ అంటే ఏజెంటుకు లక్షలు కట్టడమే అన్నట్టు తయారైంది పరిస్థితి. కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ గుర్తింపు లేని ఏజెంట్లకు ఒక్క రూపాయి కట్టొద్దని తల్లిదండ్రులకు మళ్లీ మళ్లీ చెప్పాలి. దాంతో పాటు ఇంకో దారి కూడా చూపాలి. సముద్ర చట్టం చదివిన లాయర్లు కావాలి. ఓడల కదలికల డేటా చూసి ఏ ఓడ అనుమానంగా ఉందో పసిగట్టే కుర్రవాళ్లు కావాలి. సోమాలీ, స్వాహిలీ, బహాసా నేర్చిన దుభాషీలు కావాలి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ ఇలాంటి కోర్సులు ఒకటి రెండు మొదలుపెట్టడానికి సముద్రం అక్కర్లేదు.

విన్యాసాలు వద్దని నేను అనడం లేదు. 1995లో అండమాన్‌లో నాలుగు దేశాల అతిథులతో మొదలైన మిలాన్ అనే నౌకా విన్యాసం, 2024లో విశాఖకు 50 దాకా దేశాలను తెచ్చింది. అంతమంది వచ్చినప్పుడు చేయగలిగిన పని ఇంకోటి ఉంది. విన్యాసాల్లో ఉత్తుత్తి దొంగలను పట్టుకున్నాక, చప్పట్లతో ఆపేయకుండా, వాళ్లను రేవుకు తేవాలి. పోలీసులకు అప్పగించాలి. స్వాధీనం చేసుకున్న తుపాకీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితాలు చూపించాలి. దుభాషీని కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకోవాలి. ముంబై ప్రాసిక్యూటర్ ఒకరు, కెన్యా జడ్జి ఒకరు, సీషెల్స్ జైలు అధికారి ఒకరు, ఓడ సిబ్బంది సంఘం నుంచి ఒకరు కూర్చుని, ఆ కేసు కోర్టులో ఎక్కడ పడిపోతుందో అక్కడికక్కడే చెప్పాలి. పడిపోయిన చోటు రాసి పెట్టుకుని, రెండేళ్ల తర్వాత మళ్లీ అదే కేసు నడిపి చూడాలి. దీనికి కొత్త ఓడ అక్కర్లేదు, కొత్త విమానం అక్కర్లేదు. విన్యాసాల కార్యక్రమంలో ఇంకో మూడు రోజులు, ఒక హాలు, రానూపోనూ టికెట్లు చాలు. ఈ ప్రతిపాదన మన ఎంపీలు రక్షణ శాఖ స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలని రాతపూర్వకంగా అడగబోతున్నాను. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు నలుగురికీ.